మడతలు లెక్కపెట్టాను

హాంగ్‌కాంగ్ వస్తున్నామని మనవాళ్లెవరు ఫోన్ చేసినా, హోటల్ సంగతీ డిస్నీలాండ్ టికెట్ల సంగతీ అయ్యాక, "డిమ్ సమ్ ఎక్కడ బాగుంటుంది?" అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉండేదాన్ని. నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో రెస్టారెంటు పేరు, పేట, దగ్గరి మెట్రో స్టేషను, పక్కన అక్కడి వంటకాలకు మార్కులు. హార్ గావ్‌కి వేరే మార్కులు, సియు మాయ్‌కి వేరే, చా సియు బావ్‌కి వేరే, గుడ్డు టార్టుకి వేరే. శని, ఆదివారాలు మరో పని పెట్టుకోకుండా తిరిగి రాసుకున్నవి. దాదాపు 75 లక్షల మంది ఉన్న ఊళ్లో అన్నిటికన్నా మంచి డిమ్ సమ్ దొరికే చోటు ఒకటి ఉండి తీరుతుందనీ, ఓపిగ్గా వెతికితే అది నాకు దొరుకుతుందనీ నమ్మాను. ఆ నమ్మకంలో పడి ఒక తెలివితక్కువ పని చేశాను. అది మా నాన్నకు చెప్పుకున్నాను, అమ్మకూ చెప్పుకున్నాను. నా జాబితా పట్టుకుని ఈ ఊరంతా తిరిగినవాళ్లకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

ఇక్కడి కాంటనీస్ వాళ్లకు పొద్దున్నే టీ తాగడానికి వెళ్లడం పెద్ద వ్యవహారం. టీతో పాటు చిన్న చిన్న వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికినవి మూడేసి, నాలుగేసి వస్తాయి. వేపినవీ, బేక్ చేసినవీ పళ్లేల్లో వస్తాయి. వీటన్నిటికీ కలిపి డిమ్ సమ్ అని పేరు. నలుగురు కూర్చుని తలా ఒకటి తీసుకుంటూ, కబుర్లాడుకుంటూ, పేపరు చదువుకుంటూ తినేవి. నేను వాటిని ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. ఒక బుట్టలో నాలుగు ఉంటే నాలుగూ నాకే. మూడు బుట్టలకు కడుపు నిండిపోయేది. ఆ మూడు బుట్టలతోనే ఆ వంటింటి మొత్తానికీ మార్కులు వేసి లేచేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువగా హార్ గావ్ మీద పడ్డాను. గోధుమపిండిని కడిగి జిగురు తీసేస్తే మిగిలే తెల్లటి పిండిలో మరుగుతున్న నీళ్లు పోసి కలుపుతారు. వెడల్పాటి కత్తికి నూనె రాసి, దాని పక్క భాగంతో చిన్న ముద్దను ఒక్క ఒత్తు ఒత్తి తిప్పితే పలచటి బిళ్ల అవుతుంది. అందులో రొయ్యలు పెట్టి, ఒక అంచును మడతలు మడతలుగా ఇంకో అంచుకు అతికిస్తారు. కనీసం ఏడు మడతలుండాలంటారు. చేయి తిరిగినవాళ్లు పది దాటిస్తారు. సంక్రాంతికి మా అమ్మమ్మ కజ్జికాయల అంచును బొటనవేలితో మెలివేస్తూ కుట్టినట్టు అల్లేది. హార్ గావ్ మొదటిసారి చూసినప్పుడు ఆ వేళ్లే గుర్తొచ్చాయి. ఉడికాక పొర లోంచి రొయ్య గులాబీరంగులో కనిపిస్తుంది. నా పుస్తకంలో మడతలకు ఒక గడి, పొర పారదర్శకతకు ఒక గడి, రొయ్య కరకరకు ఒక గడి ఉండేవి.

ఇప్పుడు ఆ పేజీలు చూస్తే చాలాచోట్ల ఒకే వాక్యం ఉంది: "పొర చిరిగింది." దానికి మార్కులు తగ్గించాను. ఆవిరి మీద నుంచి దింపిన కాసేపటికే ఆ పొర బిగుసుకుంటుందనీ, అడుగున కాగితానికి అతుక్కుంటుందనీ, అప్పుడు ఎత్తితే చిరుగుతుందనీ తెలియదు. బుట్ట రాగానే నేను మూత తీసి ఫోటోలు తీసేదాన్ని. మడతలు స్పష్టంగా పడేదాకా, వెలుతురు సరిపోయేదాకా తీసేదాన్ని. చీకటితో లేచి వందల కొద్దీ బిళ్లలు ఒత్తిన మనిషి పనిని నా చేతులతో పాడుచేసి, ఆ తప్పును ఆయన ఖాతాలో రాశాను.

తర్వాత చుక్కల పిచ్చి పట్టుకుంది. రెస్టారెంట్లకు చుక్కలిచ్చే మిష్లిన్ గైడు హాంగ్‌కాంగ్, మకావులకు తొలి సంచిక వేసింది 2009కి. అందులో ఫోర్ సీజన్స్ హోటల్లోని లుంగ్ కింగ్ హీన్‌కు మూడు చుక్కలిచ్చారు. చైనా వంటల రెస్టారెంటుకు మూడు చుక్కలు రావడం ప్రపంచంలో అదే మొదలు. అక్కడ డిమ్ సమ్ చేసిన మాక్ క్వాయ్ పుయ్ బయటికి వచ్చి, అదే 2009లో మోంగ్ కాక్‌లో ఇరవై మంది పట్టే చిన్న కొట్టు పెట్టారు. అదే టిమ్ హో వాన్. మరుసటి సంచికలో దానికి ఒక చుక్క వచ్చింది. అంత చవకగా తినగలిగే చోటికి చుక్క రావడం ఏమిటని లోకం విస్తుపోయింది. ఆ కథంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. వీధిలో నడిచే మనిషి కూడా పెద్ద హోటలు వంటవాడి చేతి పని తినగలగాలన్న ఆలోచన గొప్పది. నేను మాత్రం ఆ కథను తప్పుగా చదువుకున్నాను. ఒక ఏడాది, ఒక చిన్న వంటింట్లో, ఒక మనిషి నిలబడి చేసిన పనికి ఇచ్చిన గౌరవం అది. దాన్ని నేను ఊరంతటికీ కొలబద్ద చేసుకున్నాను. చుక్క లేనిచోట గుమ్మం తొక్కడం మానేశాను.

డిమ్ సమ్ వంటిల్లు ఎలా పనిచేస్తుందో తెలుసుకుని ఉంటే ఆ కొలబద్ద ఎందుకు పనికిరాదో అర్థమయ్యేది. పెద్ద వంటింట్లో చుట్టేవాళ్లు వేరు, ఆవిరి దగ్గర నిలబడేవాళ్లు వేరు, వేపుడు మూకుడు దగ్గరివాళ్లు వేరు, బియ్యపు పొరలు తీసే చ్యోంగ్ ఫన్ దగ్గరివాళ్లు వేరు. చుట్టే చేయి బాగున్న చోట వేపుడు నూనె ఓడుతుండవచ్చు. చ్యోంగ్ ఫన్ పట్టులా జారే చోట టార్టు పెంకు మెత్తబడి ఉండవచ్చు. పైగా పొద్దున తొమ్మిదింటి బుట్ట వేరు, మధ్యాహ్నం రెండున్నరకు మిగిలిన బుట్ట వేరు. ఇవన్నీ కలిపి ఒక పేరు పక్కన ఒక అంకె వేశాను. అంత కష్టపడి తిరిగినా నా పుస్తకంలో ఏ పేజీలోనూ ఎన్ని గంటలకు తిన్నానో రాసుకోలేదు.

ఈ పిచ్చిలో నేను వదులుకున్నవి కూడా ఉన్నాయి. మా ఆఫీసు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, వెల్లింగ్టన్ స్ట్రీట్‌లో లిన్ హెంగ్ టీహౌస్ ఉండేది. గ్వాంగ్‌జౌలో 1889లో మొదలైన పేరు అది. ముసలివాళ్లు తెల్లవారకముందే వచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్ల బల్ల దగ్గరే కుర్చీ లాక్కుని కూర్చునేవారు. వంటింట్లోంచి బండి బయటికి రాగానే, కార్డులు చేతబట్టుకుని అందరూ దాని చుట్టూ మూగేవారు. తీసుకున్న బుట్టకు కార్డు మీద ముద్ర పడేది. కుర్చీ దొరకదనీ, ఇంగ్లీషు నడవదనీ, బండి వెంట పరుగెత్తాలనీ ఎవరో చెప్పారు. నా పుస్తకంలో దానికి చోటివ్వలేదు. 2022 ఆగస్టులో అది మూతపడింది. అబర్డీన్ రేవులో నాలుగు దశాబ్దాలకు పైగా ఉన్న జంబో తేలే రెస్టారెంటును లాగుతూ తీసుకుపోతుంటే దక్షిణ చైనా సముద్రంలో తలకిందులైందీ ఆ ఏడాది జూన్ నెలలోనే. అప్పటికి కోవిడ్ ఆంక్షలు చాలా కొట్లను దెబ్బతీశాయి. ఆ ఏడాది మొదట్లో కొన్ని నెలలు సాయంత్రం ఆరు దాటితే కూర్చుని తినడానికి లేదు. బల్లకు ఇద్దరే అన్న రోజులూ ఉన్నాయి. లిన్ హెంగ్ మూసేశాక గుమ్మం ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నవాళ్లను చూసి నేనూ ఆగాను. లోపల ఒక్క కప్పు టీ తాగని నాకు అక్కడ నిలబడి బాధపడే హక్కు లేదనిపించి వెళ్లిపోయాను. 2024లో అదే వీధిలో మళ్లీ తెరిచారు. వెళ్లాను. కానీ ఆ మధ్యలో రావడం మానేసిన ముసలివాళ్లంతా తిరిగొచ్చారో లేదో నాకెలా తెలుస్తుంది? మునుపు ఎవరెవరు వచ్చేవారో నేను చూసి ఉంటే కదా.

టీ సంగతి ఇంకా చెప్పుకోవాలి. కూర్చోగానే మొదట అడిగేది ఏ టీ అని. తిండి ప్రసక్తి తర్వాతే. కొవ్వు తిండికి విరుగుడుగా నల్లటి పూ ఆర్ తాగేవాళ్లు ఎక్కువ. తేలిగ్గా కావాలంటే మల్లె టీ, సౌ మే. చేమంతిపూలు పూ ఆర్‌లో కలిపి తాగేవాళ్లూ ఉన్నారు. మొదటి కూజా వేడినీళ్లతోనో టీతోనో కప్పులూ గిన్నెలూ చాప్‌స్టిక్‌లూ కడుక్కుంటారు. కూజాలో నీళ్లు అయిపోతే మూత పక్కకు జరిపి పెడతారు, అది చూసి వచ్చి నింపుతారు. ఎవరైనా మన కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తట్టాలి. మారువేషంలో ఉన్న చియాన్‌లాంగ్ చక్రవర్తి తన సేవకుడికి టీ పోస్తే, అతను మోకరిల్లలేక వేళ్లతో మోకరిల్లాడని ఒక కథ చెబుతారు. తలకింత అని టీకి విడిగా డబ్బులు వేస్తారు. నా పుస్తకంలో టీకి గడి లేదు. "ఏదైనా పర్వాలేదు" అనేదాన్ని. ఇది టీ కోసం పుట్టిన భోజనం. ఆ టీని నేను మంచినీళ్లలా తాగాను.

ఇన్ని తప్పులూ నా వరకే అయితే ఇది రాసేదాన్ని కాదు.

2023 డిసెంబరులో నాన్న వచ్చారు. బాపట్ల దగ్గర రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, విమానం ఎక్కనంది. ఆయన ఒక్కరే వచ్చారు. మా ఇంట్లో కోడి, చేప, రొయ్య తప్ప వేరే మాంసం వండరు. పంది మాంసం, ఎద్దు మాంసం ముట్టకపోవడం నాన్నకు నియమం. దాని గురించి ఎవరితోనూ వాదించరు, ఎవరి కంచంలోకీ తొంగి చూడరు. నేను ఇక్కడికి వచ్చాక అన్నీ తింటున్నానని ఆయనకు తెలుసు. ఒక్క మాట కూడా అనలేదు.

నాన్నకు అన్నిటికన్నా మంచిది తినిపించాలి. నా పుస్తకంలో హార్ గావ్‌కి ఎక్కువ మార్కులొచ్చిన చోటికి తీసుకెళ్లాను. పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు. ఆదివారం మధ్యాహ్నం. నంబరు చీటీ తీసుకుని మాల్ వరండాలో నిలబడ్డాం. కూర్చోవడానికి బల్లలేమీ లేవు. నాన్న గోడకు ఆనుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ నిలబడ్డారు. "ఇంకెక్కడికైనా పోదామా అమ్మా" అని ఒకసారి అడిగారు. "ఇంతసేపు నిలబడ్డాం కదా నాన్నా, ఇదే బెస్ట్" అన్నాను. లోపలికి వెళ్లాక గంటన్నరలో లేవాలన్నారు. కాగితం మీద గబగబా టిక్కులు పెట్టాను. సియు మాయ్ పంది మాంసమని తెలుసు, చా సియు బావ్ కూడా. అవి నా కోసం. "నాన్నా, ఇవి ఉత్త రొయ్యలు" అని హార్ గావ్ బుట్ట ఆయన వైపు జరిపాను. ముల్లంగి కేకు ముక్కలు, పెనం మీద వేపినవి, అవి కూడా ఇచ్చాను. ఆయన నాలుగు హార్ గావ్‌లూ తిన్నారు. బాగున్నాయన్నారు. నేను ఫోటో తీశాను.

కొద్ది రోజులకు ఆఫీసులో నా పక్క సీటావిడకు ఆ ఫోటో చూపించాను. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. మీ నాన్న పంది మాంసం తినరన్నావు కదా అంది. ఇవి రొయ్యలే కదా అన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, హార్ గావ్‌లో రొయ్యతో పాటు పంది కొవ్వు సన్నగా తరిగి కలుపుతారని చెప్పింది. ఆ మెరుపు, ఆ రసం దాని వల్లే వస్తాయట. ముల్లంగి ముక్కల్లో ఎండు రొయ్యలు, పంది మాంసపు సాసేజీ ముక్కలు వేస్తారట. గుడ్డు టార్టు పెంకులో చాలాచోట్ల పంది కొవ్వే వాడతారట. ఈ ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతులు ఇవి.

మడతలు లెక్కపెట్టాను. పొర ఎంత పలచగా ఉందో, లోపలి రొయ్య ఎంత గులాబీగా కనిపిస్తోందో రాశాను. ఆ మడతల లోపల ఏముందని ఒక్కచోట కూడా ఒక్క మనిషినీ అడగలేదు. నాకు అడ్డం లేదు కాబట్టి అడగాలని తోచలేదు. అడ్డం ఉన్న మనిషిని తీసుకెళ్లినప్పుడు కూడా తోచలేదు. అన్నీ తెలిసినదాన్నని నా పుస్తకమే నాకు నమ్మకం ఇచ్చింది.

చెప్పకుండా ఉండొచ్చు. ఆయనకు తెలిసే దారి లేదు. రాత్రి అన్నం తిన్నాక చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు, అప్పటికే కడుక్కున్న చేతులు. తర్వాత అన్నారు: "నేను తెలియక తిన్నానమ్మా. నువ్వు తెలుసుకోకుండా పెట్టావు."

ఆ రెండు వాక్యాల్లో కోపం లేదు. ఎవరి లెక్క ఎంతో మిల్లు గుమాస్తా తేల్చినట్టు తేల్చారు. నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, అది న్యాయమే అనిపించింది.

పక్క సీటావిడ ఈ సంగతి వాళ్లమ్మకు చెప్పింది. మరుసటి ఆదివారం పొద్దున్నే మీ నాన్నను తీసుకుని రా, అమ్మ పిలుస్తోంది అంది. షావ్ కెయ్ వాన్ వైపు ఒక ప్రభుత్వ గృహసముదాయం, దాని మార్కెట్ పైఅంతస్తులో పెద్ద టీహాలు. ట్యూబులైట్లు, గులాబీరంగు బల్లగుడ్డలు. నా పుస్తకం ప్రకారం వెళ్లదగిన చోటు కాదు. ఆ పెద్దావిడ మా కంటే ముందే వచ్చి, బల్ల పట్టుకుని, టీ చెప్పి, అందరి గిన్నెలూ కడిగి పెట్టి కూర్చుంది. ఆర్డరు కాగితం మీద ఒక్క టిక్కు పెట్టకముందే వడ్డించే మనిషిని పిలిచి ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. అతను తెలిసినవి చెప్పాడు, తెలియనివాటికి వంటింట్లోకి వెళ్లి అడిగి వచ్చాడు. ముల్లంగి ముక్కలు వద్దు. టార్టు వద్దు. హార్ గావ్ వద్దు. ఏమీ పెట్టని చ్యోంగ్ ఫన్ కావాలి, నువ్వుల పేస్టు, సోయా సాసు వేసి. రొయ్యల చ్యోంగ్ ఫన్ పర్వాలేదు, అతను అడిగి వచ్చాడు. పుట్టగొడుగులు పెట్టి చుట్టిన సోయాపాల మీగడ చుట్టలు. ఆకుకూర, ఆయిస్టర్ సాసు లేకుండా. ఇదంతా ఒక పరాయి మనిషి నియమం కోసం, పది నిమిషాల పని.

నాన్న చ్యోంగ్ ఫన్ ముక్క నోట్లో పెట్టుకుని, రెండోది చాప్‌స్టిక్‌తో ఎత్తి చూసి, "ఇది పాత బియ్యమా?" అని అడిగారు. నేను ఇంగ్లీషులో అడిగితే పక్క సీటావిడ వాళ్లమ్మను అడిగింది. పెద్దావిడ మొహం విప్పారింది. కొత్త బియ్యమైతే జిగురొచ్చి పొర అంటుకుంటుంది, పాతదైతేనే జారుతుంది అంది. నాన్న మా మిల్లులో కూడా అంతే అన్నట్టు తల ఊపారు. ఆ తర్వాత నాకు పనేమీ లేకపోయింది. ఇద్దరూ బియ్యం గురించి మాట్లాడుకున్నారు, మధ్యలో మేమిద్దరం మాటలు అటూ ఇటూ చేరవేశాం. ఆవిడ టీ పోసినప్పుడల్లా నాన్న రెండు వేళ్లతో బల్ల తట్టారు. ఎవరూ చెప్పలేదు, పక్క బల్లవాళ్లను చూసి నేర్చుకున్నారు. రెండున్నర గంటలు కూర్చున్నాం, లేవమని ఎవరూ అనలేదు. ఇన్నాళ్లూ నేను కొన్న మూడేసి బుట్టలు డిమ్ సమ్‌లో ఎంత చిన్న భాగమో ఆ పొద్దున తెలిసింది.

లేచేముందు పెద్దావిడ ఇంకో మాట చెప్పింది. మీ నాన్నకు హార్ గావ్ నచ్చిందట కదా, వాన్ చాయ్ మసీదుకు తీసుకెళ్లు.

ఓయ్ క్వాన్ రోడ్డులో అమ్మార్ మసీదు, ఇస్లామిక్ సెంటర్ ఉన్న భవనం 1981 నుంచీ ఉంది. అయిదో అంతస్తులో క్యాంటీను. అక్కడ పగటిపూట హలాల్ డిమ్ సమ్ పెడతారు. పంది మాంసం, పంది కొవ్వు గుమ్మం దాటి లోపలికి రావు. కాంటనీస్ ముస్లింలు, పాకిస్తానీలు, ఇండోనేషియా నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు, ఆఫీసు ఉద్యోగులు, అందరూ ఒకే వరుసలో. మా ఇంటికి వచ్చే ట్రాము దారికి ఎంతో దూరం కాదు. ఎన్నోసార్లు దాని పక్క నుంచి పోయాను. చుక్క లేదు, నా పుస్తకంలో లేదు.

నాన్నను తీసుకెళ్లాను. ముందు నేను అడిగాను, లోపల ఏమేం వేస్తారని. విన్నది విన్నట్టు నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన విని, అప్పుడు బుట్ట మూత తీశారు. పొర నేను మార్కులు వేసిన చాలావాటికన్నా మందంగా ఉంది. అది నా కంటికి పడింది, ఆ అలవాటు ఒక్క రోజులో పోదు. నాన్న నాలుగూ తిని ఇంకో బుట్ట చెప్పమన్నారు.

ఇప్పుడు ఊరి నుంచి ఎవరైనా డిమ్ సమ్ గురించి అడిగితే, ఎవరెవరు వస్తున్నారు, ఎవరు ఏం తినరు, పొద్దున ఎన్నింటికి లేవగలరు అని ముందు నేనే అడుగుతున్నాను. విసుక్కునేవాళ్లున్నారు, పేరు చెప్పేస్తే పోతుంది కదా అంటారు. చెప్పను.

ఇంటికి వెళ్లాక నాన్న అమ్మకు ఆ మొదటి భోజనం సంగతి చెప్పలేదు. నేనే ఫోనులో చెప్పాను. తిట్టింది. తిట్టడం అయ్యాక, మరి ఆ మసీదులో తిన్నవాటిలో ఏం వేస్తారే అని అడిగింది. రొయ్యలు, వెదురు మొలకలు, ఉప్పు, తెల్ల మిరియాల పొడి, నువ్వుల నూనె అని చెప్పాను.